విప్లవం గారి నాచు గోడ

ఆయన అసలు పేరు సంస్థలో చాలామందికి తెలియదు. మొదట్లో వెనకాల విప్లవం గారనేవారు. తర్వాత్తర్వాత ముఖం మీదే అనడం మొదలుపెట్టారు, ఆయనా పలకడం మొదలుపెట్టాడు. పరిశోధనా సంస్థలో ఆయన ఉద్యోగం పత్రికలకు ప్రకటనలు రాయడం. శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కష్టపడి ఏదో ఒకటి తేలుస్తారు. దాన్ని మామూలు మనుషులకు అర్థమయ్యేలా ఒక పేజీలో చెప్పాలి. ఆయన రాసిన ఏ పేజీ తీసుకున్నా మొదటి వాక్యంలో 'విప్లవాత్మక' అనే మాట ఉండేది. అక్కడ లేదంటే శీర్షికలో ఉందని అర్థం.

అంతకుముందు ఆయన ఒక దినపత్రికలో సబ్ ఎడిటరు. ఇతరులు రాసిన వార్తల్లోంచి విశేషణాలు కొట్టేయడమే అక్కడి పని. ఆ పత్రిక మూతపడి ఈ సంస్థలో చేరాక, అన్నాళ్లూ కొట్టేసినవన్నీ ఎక్కడో మూటగట్టి దాచుకున్నట్టు ఒక్కొక్కటే బయటికి తీశాడు.

సంస్థలో అయిదు శాఖలుండేవి. పదార్థాలవాళ్లు, భౌతికశాస్త్రంవాళ్లు, తయారీవాళ్లు, వాతావరణంవాళ్లు, మొక్కలవాళ్లు. కాఫీ మిషను చెడిపోతే తప్ప ఒకరి వరండాలోకి ఇంకొకరు అడుగుపెట్టేవారు కాదు. అందరి గదుల్లోకీ చనువుగా వెళ్లేది విప్లవం గారొక్కడే. గోరంత పింగాణీ ముక్క పగలకుండా ఇదివరకటికంటే కాస్త ఎక్కువ వేడిని ఓర్చుకుందని పదార్థాలవాళ్లు చెబితే, 'ఇక కరగని ఇంజన్లు' అని రాశాడు. ఎముకలు కొరికే చలి కూడా వెచ్చన అనిపించేంత చల్లదనంలో ఒక తీగలో కరెంటు నష్టం లేకుండా పారిందని భౌతికశాస్త్రంవాళ్లంటే, 'కరెంటు కోతలకు చరమగీతం' అని రాశాడు. తయారీవాళ్ల యంత్రం పొర మీద పొర పోసి ఒక కుర్చీని అచ్చేసింది. ప్రకటనలోకి వచ్చేసరికి ఆ కుర్చీ ఇల్లయిపోయింది. వాతావరణంవాళ్లతోనే కొంచెం చిక్కు. వాళ్లు ఏం చెప్పినా 'కావచ్చు, కాకపోనూవచ్చు' అనే చెప్పేవారు. ఆయన అందులో రెండో ముక్క కొట్టేసేవాడు.

ఇదంతా మోసమని ఆయనకు ఏనాడూ అనిపించలేదు. లేని మాట ఒక్కటీ చేర్చలేదు కదా, ఉన్నవాటిలో అడ్డొచ్చినవి తీసేశాడంతే. డైరెక్టరుగారికి ఆయనంటే ప్రాణం. "మనవాళ్లు చేసేది నాకూ సగమే అర్థమవుతుంది. మీరు రాశాక పూర్తిగా అర్థమవుతుంది" అనేవాడు.

ఇంట్లో పరిస్థితి వేరు. భార్య బడిలో లెక్కలు చెప్పేది. పెళ్లైన కొత్తలో రెండు ప్రకటనలు చదివి, "జవాబు ముందే రాసుకుని లెక్క చేసే పిల్లలు మా క్లాసులోనూ ఉన్నారు" అని, మళ్లీ వాటి జోలికి పోలేదు. అత్తగారు అలా కాదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరై కూతురి దగ్గరే ఉంటున్న ఆవిడ, అల్లుడు రాసిందంటే చెవి కోసుకునేది. పేపర్లో పడ్డ ప్రతి ప్రకటనా గట్టిగా, పక్కవాటాలోకి వినపడేలా చదివేది. కనిపెట్టింది ఎవరైనా, "మా అల్లుడుగారు కనిపెట్టారు" అనే చెప్పేది. విప్లవం గారు ఒకటి రెండుసార్లు సరిదిద్దబోయి, ఆ తర్వాత ఊరుకున్నాడు. ఊరుకోవడం సుఖంగానే ఉంది.

మొక్కల శాఖలో ఒక పెద్దావిడ ఉండేది. చదువైన నాటినుంచీ నాచు మీదే పరిశోధన. ఆవిణ్ణి అందరూ నాచమ్మ అనేవారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. ఒకరకం నాచు పెంచిన పింగాణీ పలక మామూలు పలకకంటే చల్లగా ఉంటోందని ఆవిడ గమనించింది. విప్లవం గారికి ఇచ్చిన కాగితంలో ఇలా రాసింది: 'మూసిన గాజు పెట్టెలో, తేమను ఒకే తీరున నిలిపి ఉంచినప్పుడు, పలక కొద్దిగా చల్లబడింది.'

మర్నాడు అది పేపర్లో వచ్చింది. 'గోడ మీద నాచు, ఇంటినిండా చలువ. ఏసీలకు ఇక సెలవు.' గాజు పెట్టె లేదు. తేమా లేదు. 'కొద్దిగా' అన్న మాటైతే మొదటి చూపులోనే ఎగిరిపోయింది.

ఆ వేసవిలో అత్తగారి గది పెనంలా కాలిపోతోంది. ఆవిడ పేపరు కత్తిరించి దిండు కింద పెట్టుకుంది. పెరటిగోడ వెనక నీళ్ల గొట్టం కారుతున్నచోట పట్టిన నాచును గరిటెతో గీకి, బురదనీళ్లలో కలిపి, మంచానికి ఆనుకున్న గోడంతా పూసింది. చలువ బయటికి పోకుండా కిటికీలు బిగించింది. ఇస్త్రీ బట్టల మీద చల్లే సీసాతో పొద్దస్తమానం నీళ్లు చల్లుతూ కూర్చుంది.

"బాత్‌రూంలో పాచి పడితే నన్ను తోమి చంపుతావు కదమ్మా, ఇప్పుడు పడగ్గదిలో పెంచుతున్నావేంటి?" అంది కూతురు.

"అది పాచి, ఇది పరిశోధన" అంది తల్లి.

విప్లవం గారు గుమ్మంలో నిలబడి చూశాడు. గోడ మీద ఆకుపచ్చ మరకలు. గదిలో తడిగుడ్డ వాసన. అడ్డు చెప్పాలనే అనుకున్నాడు. చెప్పాలంటే ఏసీలకు సెలవన్నది నిజం కాదని చెప్పాలి. "బాగుంది అత్తయ్యగారూ" అని వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు ఆవిడకు దగ్గు పట్టుకుంది. మొదట దుమ్మనుకున్నారు. తర్వాత మాట మాటకీ ఆయాసం రావడంతో ఆస్పత్రికి తీసుకెళ్లారు. డాక్టరు ఊపిరి పీల్చమని, వదలమని, వెన్ను మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు.

"మీ గదిలో చెమ్మేమైనా ఉందా అమ్మా?"

"గోడంతా నాచుంది బాబూ. చలువకి."

"ఎవరు పెట్టమన్నారు?"

"పేపర్లో వేశారు. రాసింది మా అల్లుడుగారే" అని ఆవిడ దగ్గుతూనే గర్వంగా చెయ్యెత్తి చూపించింది.

డాక్టరు ఆయనవైపు చూశాడు. విప్లవం గారు గోడ మీద వేలాడుతున్న ఊపిరితిత్తుల బొమ్మవైపు చూశాడు. చెమ్మలో బూజు పెరిగి ఛాతీకి పట్టిందని, కొన్నాళ్లు ఆస్పత్రిలో ఉండాలని డాక్టరు చెప్పాడు. ఆ సాయంత్రం భార్య కిటికీలు బార్లా తీసి, ఇనుప పీచు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. నాచు ఊడొచ్చింది గానీ మరక పోలేదు.

మర్నాడు పొద్దున్నే నాచమ్మ గదికి వెళ్లాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. జరిగింది చెప్పాడు.

"నేను గాజు పెట్టె అని రాశాను కదండీ" అంది నాచమ్మ.

"రాశారు. నేను కొట్టేశాను."

"ఎందుకు?"

"ఇంట్లో గాజు పెట్టె ఎవరికుంటుందని."

నాచమ్మ నవ్వలేదు. కోప్పడనూ లేదు. "మీదే తప్పని ఎలా అంటాను? ఆ ప్రకటన వచ్చాకే నాకు కొత్త గది ఇచ్చారు. నేనూ తీసుకున్నాను" అంది.

సరిగ్గా అప్పుడే సంస్థలో అయిదు శాఖలూ కలిసి ఒక మహా పథకం మొదలుపెట్టాయి. నిధులిచ్చేవాళ్లకు ఆ ఏడు కలివిడితనం మీద గాలి మళ్లింది. విడివిడిగా అడిగితే ఇవ్వరు, కలిసి అడిగితే ఇస్తారు. అందుకని నాచు గోడ పుట్టింది. పదార్థాలవాళ్లు చిల్లుల పింగాణీ చేస్తారు, తయారీవాళ్లు దాన్ని పలకలుగా అచ్చేస్తారు, మొక్కలవాళ్లు నాచు పెంచుతారు, వేడి ఎంత తగ్గిందో భౌతికశాస్త్రంవాళ్లు కొలుస్తారు, ఇలాంటి గోడలు ఊరంతా కడితే ఏమవుతుందో వాతావరణంవాళ్లు లెక్కగడతారు. సంస్థ ముఖద్వారం పక్కన, ఎండ ఫెళ్లున కాసేచోట గోడ లేచింది. నీడ పట్టున కడదామని నాచమ్మ అంది గానీ, నీడలో కడితే ఫొటోలు సరిగ్గా రావని అక్కడే కట్టారు. ప్రారంభానికి మంత్రిగారు వస్తున్నారు.

"ఈసారి మీ కలం పవరు చూపించాలి" అన్నాడు డైరెక్టరు.

విప్లవం గారు శాఖలన్నీ తిరిగాడు. ఎన్నడూ లేనిది, చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. 'కావచ్చు' పక్కన 'కాకపోవచ్చు' కూడా ఉంచాడు. అన్నిచోట్లా చివర్లో ఒకే ప్రశ్న అడిగాడు: "దీనికి నీళ్లెవరు పోస్తారు?" తమ పని పలక వరకేనని పదార్థాలవాళ్లన్నారు. అచ్చేసి అప్పగించేశామని తయారీవాళ్లు. కొలిచేవాళ్లం ముట్టుకోకూడదని భౌతికశాస్త్రంవాళ్లు. తమ కంప్యూటరులోని గోడకు వాన పడుతూనే ఉంటుందని వాతావరణంవాళ్లు. నీళ్లు పోయాలని నాచమ్మకు తెలుసు గానీ, ఆరుబయట గోడ సంస్థ ఆవరణ కిందికొస్తుంది కాబట్టి ముట్టుకోవాలంటే అనుమతి కావాలి.

ప్రకటన చివరి వాక్యం ఇలా పడింది: 'నీళ్లు పోయకపోతే ఈ నాచు ఎండిపోతుంది, నీళ్లు పోయవలసింది ఎవరో ఇంకా తేలలేదు.'

డైరెక్టరు చదివి కళ్లజోడు తీశాడు. "ఇది ప్రకటనా, మరణ వాంగ్మూలమా?"

"మీరు దిద్దండి సార్."

డైరెక్టరు దిద్దాలనే కలం తీశాడు. ఇంతలో మంత్రిగారి కారు మలుపు తిరిగిందని కబురొచ్చింది. ఆయన పూలగుత్తి కోసం పరుగెత్తాడు. విప్లవం గారు ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు. మూసిన కిటికీల గది కళ్లముందు కదిలింది. ఒక్క అక్షరం మార్చకుండా విలేకరులకు పంచేశాడు.

మంత్రిగారు తెర లాగారు, అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలోంచి ఒక విలేకరి లేచి, "నీళ్లెవరు పోస్తారండీ?" అనడిగింది. డైరెక్టరు మొక్కలవాళ్లవైపు చూశాడు, వాళ్లు తయారీవాళ్లవైపు, వాళ్లు పదార్థాలవాళ్లవైపు. చూపులు అలా తిరిగి తిరిగి మంత్రిగారి దగ్గరికొచ్చాయి. ఆయన నవ్వుతూ, "నేను తెర వరకేనమ్మా" అన్నారు. మర్నాటి పేపర్లలో శీర్షిక: 'విప్లవాత్మక గోడకు నీళ్లు పోసే దిక్కు లేదు.' ఆ మొదటి మాట ప్రకటనలో లేదు. పత్రికవాళ్లే చేర్చుకున్నారు.

డైరెక్టరు కేకలేయలేదు. ఆయన పద్ధతి అది కాదు. ఒక కొత్త పదవి సృష్టించి, విప్లవం గారిని 'గోడ సమన్వయాధికారి'గా వేశాడు. అంటే రోజూ గోడకు నీళ్లు పోయాలి. ప్రకటనలు రాయడానికి ఒక కొత్తమ్మాయిని తీసుకున్నారు. ఆ అమ్మాయికి 'చారిత్రక' అనే మాట ఇష్టం.

మొదటివారం తల కొట్టేసినట్టుండేది. గొట్టం పట్టుకుని నిలబడితే వచ్చేపోయేవాళ్లు పలకరించకుండా తలొంచుకునేవారు. నాచు పైసగం గోధుమరంగుకు తిరిగిపోయింది. నాచమ్మ పొద్దున్నే వచ్చి పక్కన నిలబడేది. ఎక్కడ ఎండిందో, ఎక్కడ పచ్చగా ఉందో ఇద్దరూ చూసేవారు. గుమ్మం నీడ పడే కింది మూల బతికింది. ఆ మూల నాచు వేరే రకమని, ఎక్కడినుంచో గాలికి తనంతట తానే వచ్చి పట్టిందని ఆవిడ గుర్తుపట్టింది. ఎన్నాళ్లుగానో చూడనంత సంతోషంగా కనిపించింది.

ఒకరోజు దూరాన మరో పరిశోధనశాలనుంచి నాచు మీదే పనిచేసే ఒకావిడ నాచమ్మకు ఫోను చేసింది. తమ నాచూ ఇలాగే చస్తోందట. ఎండిపోతుందని పైకి చెప్పిన వాళ్లు ఇన్నాళ్లకు కనిపించారట. తమ లోపమేనేమో అని ఇంతకాలం నోరు మెదపలేదట. ఇక ఇద్దరూ ఫోను పెడితే ఒట్టు. మధ్యమధ్య నాచమ్మ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, "నిన్న నీళ్లు ఎప్పుడు పోశారండీ?" అని విప్లవం గారిని అడిగేది. ఆయన చెప్పేవాడు. మర్చిపోయిన రోజున మర్చిపోయాననే చెప్పేవాడు. అలా చెబితే ఆవిడ ఇంకా సంతోషించేది.

అత్తగారు కోలుకుని ఇంటికొచ్చింది. అల్లుడి చివరి ప్రకటన చదివి పెదవి విరిచింది. "ఇదేంటి అల్లుడుగారూ, ఇందులో చదవడానికేముంది? పక్కింటావిణ్ణి పిలిచినా వినడానికి వచ్చేలా లేదు." ఆ మాటకు లోపల భార్య కిసుక్కున నవ్వడం వినపడింది. చాలా రోజుల తర్వాత.

ఒక చల్లటి పొద్దున అత్తగారే గోడ చూస్తానని వచ్చింది. నాచమ్మ కుర్చీ వేయించింది.

"ఇది నిజంగా చలువ చేస్తుందా అమ్మా?" అనడిగింది అత్తగారు.

"నీళ్లు పోస్తే, కొంచెం చేస్తుందండీ."

అత్తగారు లేచి, కింది మూల పచ్చగా ఉన్నచోట అరచెయ్యి ఆనించింది. "కొంచెమే" అంది, చెయ్యి తీయకుండా. విప్లవం గారు గొట్టం ఇంకో వైపుకు తిప్పి పట్టుకున్నాడు, ఆవిడ చీర తడవకుండా.