లావణ్య శనివారం ఆమ్లెట్

ఈ రోజు పొద్దున నేనూ మా రూమ్మేట్ లావణ్యా వాంకూవర్ దగ్గర ఒక క్యాసినో హోటల్లో బ్రేక్‌ఫాస్ట్ బఫేకి వెళ్లాం. క్లాస్‌మేట్ ఇచ్చిన కూపన్లకి ఈ రోజే ఆఖరు. ఆమ్లెట్, చికెన్ సాసేజ్‌లు తెచ్చుకుని కూర్చున్నాక లావణ్యకి గుర్తొచ్చింది, ఈ రోజు శనివారమని. వీసా వస్తే శనివారాలు నీచు ముట్టనని ఆమె వెంకటేశ్వరస్వామికి మొక్కుకుంది.

ప్లేటు పక్కకి జరిపి ఫోన్‌లో టైమ్ చూసింది.

“మొక్కింది ఇండియాలో కదే. ఇక్కడ పదకొండున్నరకి అక్కడ ఆదివారం వచ్చేస్తుంది. అప్పుడు తింటా.”

బఫే పన్నెండుకి మూసేస్తారు. గంటసేపు చల్లారిపోతున్న ఆమ్లెట్‌కి కాపలా కాశాం. సరిగ్గా పదకొండున్నరకి ఆమె ఫోర్క్ ఎత్తింది. నేను ఊరుకోలేకపోయాను.

“అలా అయితే నిన్న మధ్యాహ్నం కాలేజీలో నువ్వు చికెన్ రోల్ తిన్నప్పుడు ఇండియాలో శనివారమే కదా?”

ఫోర్క్ ఆగిపోయింది.

“క్లాసులో ఒక్క మాట మాట్లాడవు. ఇప్పుడే దొరికిందా నీకు నోరు?” అని లేచి వెళ్లి వేయించిన బంగాళాదుంపలు తెచ్చుకుంది.

తిండి పారేయడం పాపమని మా స్కూల్లో సిస్టర్లు చెప్పేవారు. అందుకని ఆమ్లెట్ నేను తిన్నాను. లావణ్య ఇంకా నాతో మాట్లాడటం లేదు. మొక్కుకి ఏ దేశం గడియారం చూడాలో తెలిసినవారు దయచేసి నాకు చెప్పండి. ఈసారి ఆమె తినడం పూర్తయ్యాకే నోరు విప్పుతాను.