మూడు ముంతల అంబలి

నా చిన్నప్పుడు నా అంత భక్తిపరురాలు మా పాళెంలో ఇంకొకతె లేదు. తొమ్మిదేళ్లకే పది ఆజ్ఞలూ, కొండ మీది ప్రసంగంలో సగమూ, ఓ ఇరవై కీర్తనలూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేదాన్ని. అర్థం తెలిసి కాదు. అప్పజెప్పినప్పుడల్లా పెద్దవాళ్లు మెచ్చుకునేవారు, ఆ మెప్పు కోసం. ఇప్పుడు ఏ గుళ్లోనైనా అలాంటి పిల్ల ఎదురైతే, పాపం దాని తప్పేమీ లేకపోయినా, నాకు ఒళ్లు మండుతుంది.

మాది బంగారుపాళ్యానికి నాలుగు మైళ్ల దూరంలో ఒక కిరస్తానీ పాళెం. ముప్పై గడపలు, ఒక పెంకుల గుడి. ఆడా మగా అందరూ ఊళ్లోవాళ్ల చెరకు తోటల్లోనూ మామిడి తోపుల్లోనూ కూలికి పోయేవాళ్లు. అవి యుద్ధం రోజులు. బర్మా నుంచి రంగం బియ్యం రావడం ఆగిపోయింది. కంట్రోలు బియ్యం దొరికిన వారం దొరికేవి, లేని వారం లేవు. రాగి సంగటిలో వేసే నూకలకు కూడా కటకటగా ఉండేది.

అయినా ప్రతి ఇంట్లో పొయ్యి పక్కన ఒక చిన్న కుండ ఉండేది. వంటకు నూకలు తీసినప్పుడల్లా ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు దేవుడి పేర ఆ కుండలో వేసేది. ఆదివారం ఆ కుండలను గుడికి తెచ్చి ముందు పెట్టిన పెద్ద గంపలో కుమ్మరించేవాళ్లు. లేనివాళ్లకు పెట్టడానికని ఆ ఏర్పాటు. లేనివాళ్లెవరో తేల్చేది మాత్రం ఉపదేశిగారు. పాదిరిగారు చిత్తూరు నుంచి మూడు నెలలకోసారి వచ్చి పోయేవారు కాబట్టి మిగతా రోజుల్లో గుడీ, పిల్లల ఆదివారపు బడీ అన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. ఆయన తేల్చిన లేనివాళ్లలో మొదటి ఇల్లు ఎప్పుడూ ఆయనదే. తెల్ల పంచె మీద నల్ల కోటు వేసేవాడు. దాని గుండీలు పొట్ట దగ్గర పట్టేవి కావు. పాళెమంతా తిరిగిన కరువు ఆ ఒక్క పొట్ట జోలికి పోలేదు.

మా పక్కింటి అక్క రెండేళ్ల కిందట కోడలుగా వచ్చింది. పుట్టిల్లు కిరస్తానీ ఇల్లు కాదు. పెళ్లికి ముందు వారం బాప్తిస్మం ఇచ్చి తెచ్చుకున్నారు. మొగుడు పట్టాళంలో చేరి యుద్ధానికి పోయాడు. మధ్యలో ఒకసారి సెలవుకు వచ్చి పోయి ఏడు నెలలు. ఆ తర్వాత జాబు లేదు, మనిషి ఏ దేశంలో ఉన్నాడో తెలియదు. అత్తామామలు లేరు. అక్కకు ఏడో నెల. వంగి కలుపు తీయలేదని మేస్త్రీలు కూలికి పిలవడం మానేశారు. గంపలోంచి వారానికి ఇంత అని ఆమెకూ కొలిచేవాళ్లు గానీ, ఆ కొలతతో రెండు ప్రాణాలు వారమంతా ఎలా నిలుస్తాయో ఎవరూ లెక్క చూడలేదు.

ఆ ఎండాకాలం ఊళ్లో గంగమ్మ జాతర జరిగింది. జాతరకు పోవడం, ప్రసాదం తినడం, చివరికి పలకలనే ఆ డప్పుల మోత వినడం కూడా మాకు పాపమే. నేను వెళ్లాను. పలకలు చూడాలని చెరకు గానుగ వెనక నక్కి నిలబడ్డాను. గంగమ్మ గుడికి ఎడంగా, మాబోటివాళ్లకు పోసే చోట, కుండలతో అంబలి పెట్టుకుని ఒక పెద్దామె పోస్తోంది. అక్కడ మా పక్కింటి అక్క నిలబడి ఉంది. తెచ్చుకున్న ముంత చాపి పోయించుకుంది, నిలబడే తాగింది. మళ్లీ చాపింది. మూడోసారి కూడా తాగి, కొంగుతో మూతి తుడుచుకుని గబగబా నడిచి వెళ్లిపోయింది. నేను వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాను. పలకల సంగతి మరిచిపోయాను.

ఆ ఆదివారం బడిలో ఉపదేశిగారు, ఈ వారం విగ్రహాల జోలికి పోయిన వాళ్లను చూసినవారెవరైనా ఉంటే చేయెత్తమన్నాడు. ఆయన కోటు జేబులో రంగుల బొమ్మల కార్డులుండేవి. చిత్తూరు మిషను దొరసాని, పిల్లలందరికీ పంచమని ఊరికే ఇచ్చినవి. ఆయన మాత్రం వాటిని బహుమతులు చేసుకుని, ముద్దొచ్చిన పిల్లలకు ఒక్కొక్కటే ఇచ్చేవాడు. నేను చేయెత్తాను. అంతా చెప్పాను. ఎన్ని ముంతలో కూడా చెప్పాను. జాతరలో నువ్వేం చేస్తున్నావని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. కార్డు నా చేతికి వచ్చింది. దాని మీది బొమ్మ ఏమిటో చెబితే కల్పించానంటారు. యేసు ఆకలిగొన్నవాళ్లకు పంచిన అయిదు రొట్టెలు, రెండు చేపలు, చుట్టూ గడ్డి మీద కూర్చుని తింటున్న జనం.

పెద్దల ఆరాధనలో ఆయన అక్కను లేపి నిలబెట్టాడు.

"గంగమ్మ అంబలి తాగినావా, లేదా?"

"తాగినాను అయ్యా," అంది అక్క. ఇంకేదో చెప్పబోయింది. ఆయన చేయెత్తి ఆపాడు. పాదిరిగారు వచ్చినప్పుడు అందరి ముందూ ఒప్పుకుని ఏడ్చే దాకా ఆమెకు గుళ్లో చోటు లేదన్నాడు, గంపలోంచి గింజ కూడా లేదన్నాడు. చాలా నింపాదిగా, గొంతు పెంచకుండా అన్నాడు. అన్యాయం చేసేటప్పుడు ఆయన గొంతు ఎప్పుడూ తేనెలాగే ఉండేది. అక్క ఒక చేత్తో కడుపు పట్టుకుని, చాపల మీద కూర్చున్న ఆడవాళ్ల మధ్య నుంచి బయటికి నడిచిపోయింది. కాస్త ముడుచుకుని దారి ఇచ్చారు గానీ ఒక్కరూ నోరు తెరవలేదు. నేను ముందు వరసలో కార్డు పట్టుకుని కూర్చున్నాను. సంతోషంగానే ఉన్నానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను, అప్పుడు పడలేదు.

మా అవ్వకు చదువు రాదు. ఇంటికి వచ్చాక, ఉపదేశికి ఈ మాట ఎవరు చేర్చారని అడిగింది. నేను గొప్పగా కార్డు చూపించాను. అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి గూట్లో పెట్టింది.

"ఎన్ని ముంతలు తాగింది ఆయమ్మ?"

"మూడు," అన్నాను. లెక్క తప్పని పిల్లను కదా.

అవ్వ నా మొహంలోకి చూసింది. "పాపా, మొక్కుకుండే వాళ్లు ఎంత తాగుతారో తెలుసునా నీకు? నేనూ ఒకప్పుడు ఆ జాతరకి పోయినదాన్నే. సేతిలో ఇంత పోయించుకోని, కండ్లకద్దుకోని, ఒక గుక్క. అంతే. నిలబడుకోని మూడు ముంతలు తాగేది బక్తి కాదు, ఆకలి. నువ్వు కండ్లారా సూసినావే, నీకది కనపడలేదా?"

ఆకలిగొన్నవాళ్ల గురించి వచనాలు నాకు నాలుగు నోటికి వచ్చు. గానుగ వెనక నిలబడ్డప్పుడు వాటిలో ఒక్కటీ నా దగ్గరికి రాలేదు. అవి నాకు అప్పజెప్పడానికి పనికొచ్చేవి గానీ చూడడానికి పనికొచ్చేవి కావు. అవ్వ మాటకు నేను ఏడ్చాను. పశ్చాత్తాపం అనుకోకండి. మెచ్చుకుంటారనుకున్న చోట చీవాట్లు పడితే ఏ పిల్లయినా ఏడుస్తుంది.

అప్పుడు చూశాను, మా పిడికెటి కుండ నిండుగా అలాగే ఉంది. గుళ్లో గంప నింపే వేళకు అవ్వ లేవలేదట, కుండ ఒళ్లోనే పెట్టుకుని కూర్చుందట. దాన్ని నా నెత్తిన పెట్టి పక్కింటికి నడిపించింది. గడపలో నిలబెట్టి, చేసింది చెప్పమంది. నేను నేల చూస్తూ చెప్పాను.

"తెలుసులే పాపా," అంది అక్క. "గానుగ ఎనక నీ పావడా కనపడింది. పిలిసి నీకూ పోయిద్దామనుకున్నా. మీ అవ్వకి తెలిస్తే కొడతాదని పిలవలేదు."

ఆమె నన్ను చూసిందన్నమాట. గుళ్లో నిలబెట్టినప్పుడు, నా పేరు చెబితే చాలు, నేనూ ఆమె పక్కన నిలబడేదాన్ని. చెప్పలేదు. ఆ నూకలతోనే గంజి కాచి మొదటి గిన్నె నాకే ఇచ్చింది. నేను తాగాను. వద్దనే మర్యాద కూడా నాకు లేకపోయింది.

తిరిగి వస్తూ అవ్వ ఒక్కటే అడిగింది. అక్కను మళ్లీ గుళ్లో నిలబెట్టిన రోజున నేనూ లేచి, జాతరకు నేనూ పోయానని, చాడీ చెప్పింది నేనేనని అందరి ముందూ చెప్పాలి. సరేనన్నాను. ఆ రోజు దూరంగా ఉంది కాబట్టి అనడానికి నాకేం కష్టం కాలేదు.

అవ్వ ఎవరికీ ప్రసంగం చేయలేదు. చెరకు తోటలో, బావి దగ్గర, కనబడిన ఆడవాళ్లకల్లా మూడు ముంతల సంగతి మాత్రం చెప్పింది. బిడ్డల్ని కన్నవాళ్లకు అంతకంటే ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆ వారం నుంచి కుండలు గుడికి రావడం తగ్గి, పొద్దుగూకేలోపు ఒక్కొక్కటే అక్క ఇంటికి పోవడం మొదలైంది. మొదటి ఆదివారం గంప సగమే నిండింది. ఉపదేశిగారు కానుకల గురించి ప్రసంగించాడు. రెండో ఆదివారం గంప అడుగు కనిపించింది. ఆయన దేవుణ్ణి దోచుకునేవాళ్ల గురించి, వాళ్లకు పట్టే గతి గురించి గంటసేపు చెప్పాడు. మూడో వారం ఆయన భార్య వచ్చి మా అవ్వను రాగిపిండి బదులడిగింది. అవ్వ మారుమాట్లాడకుండా చాటెడు పెట్టి పంపింది. అది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. నేనైతే పెట్టేదాన్ని కాదు.

నాలుగో ఆదివారం ఆయన తప్పిపోయిన గొర్రె గురించి చెప్పాడు. ప్రభువు కనికరం ఎంత గొప్పదో చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు కూడా. పాదిరిగారు వచ్చే దాకా ఆగనక్కర్లేదట, ఆ బిడ్డ వచ్చి ఒక్క మాట ఒప్పుకుంటే చాలునట. నాలుగు వారాలు గంప ఎండితే గానీ ఆయనకు కనికరం గుర్తుకు రాలేదు. ఆకలితో గంగమ్మ దగ్గరికి పోయిన మనిషిని వెలివేసినవాడు, తన కడుపు కాలేసరికి యేసు దగ్గరికి వచ్చాడు. ఆ రాకను మా పాళెంలో కొందరు మారుమనస్సు అన్నారు. అనుకోనీ.

మరుసటి వారం అక్క వచ్చింది. నెలలు నిండుతున్నాయి, లేచి నిలబడడానికి పక్కామె భుజం పట్టుకోవలసి వచ్చింది. ఉపదేశిగారు ఎంతో ఆప్యాయంగా, చెప్పమ్మా, అన్నాడు.

"ఆకలేసింది, తాగినాను," అంది అక్క. "అది పాపమని మీరంటే పాపమే అయ్యా. ఆ వారమంతా నన్ను తిన్నావా అని ఎవురూ అడగలేదు. ఆ అంబలి పోసినాయమ్మ ఒకతే అడిగింది."

ఆయన పుస్తకంలో కాగితాలు తిప్పడం మొదలుపెట్టాడు, ఏ పేజీ కావాలో ఆయనకే తెలియనట్లు. అక్క ఇంకా నిలబడే ఉంది. ఒంటరిగా నిలబడి ఉంది. అవ్వ నా వైపు తిరిగి చూసింది. తోయలేదు, సైగ చేయలేదు, ఊరికే చూసింది. నాకు తెలుసు. చెప్పాల్సిన మాటలు కూడా నోట్లో సిద్ధంగా ఉన్నాయి. నేను చాప అంచు నుంచి ఒక పుల్ల పీకుతూ కూర్చున్నాను.

ఇంతలో ఉపదేశిగారు, పాట పాడుదాం అన్నాడు. అందరూ లేచారు. అందరితో పాటు నేనూ లేచాను. అందరికంటే గట్టిగా పాడాను.

అక్కకు ఆడపిల్ల పుట్టింది. యుద్ధం ముగిశాక మొగుడూ తిరిగి వచ్చాడు, వాళ్లు చిత్తూరికి మకాం మార్చారు. అవ్వ ఆ సంగతి చచ్చిపోయే దాకా నా దగ్గర ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

ఇన్నేళ్లూ ఉపదేశిగారిని తలుచుకుని ఛీ అనుకుంటూ హాయిగా బతికాను. ఇప్పుడు ఇది రాస్తూ కూడా ఆయన పొట్ట మీద, కోటు మీద ఎంత ఇష్టంగా రాశానో మీరే చూశారు. తీర్పు ఆయనదే, కానీ సాక్ష్యం నాది. ఆయనైనా గంప కోసం దిగివచ్చాడు, నేను దేనికీ రాలేదు. తర్వాత నేనూ ఆదివారపు బడి పంతులమ్మనయ్యాను, సంఘంలో పెద్దదాన్నయ్యాను, వేదికలెక్కి ప్రేమ గురించి మాట్లాడాను. ఇప్పటికీ గుళ్లో పాట మొదలై అందరూ లేచినప్పుడు నేనూ లేస్తాను. ఒక్క నిమిషం ముందు లేవాల్సిందని, నా మోకాళ్లు మరిచిపోవు.