సోమయ్య ముట్టని బండి

ఒక్క స్క్రూ బరువు ఎంతుంటది? ఇన్నేండ్ల సంది మోస్తున్న. ఇయ్యాల నీకు రాస్తున్న. నా పేరు మాత్రం అడగకు.

పెనుబల్లిల ఒక మెకానిక్ షెడ్డుల నేను, సోమయ్య కలిసి పనిచేసేటోళ్లం. సోమయ్యది భద్రాచలం దిక్కు అడవిల గూడెం. ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పేటోడు. నాకు గట్ల రాదు. అందుకే లోపల కుళ్లుకున్ననా? కావచ్చు.

ఒకనాడు, గూడేలు తిరిగి కాన్పులు చేసే నర్సమ్మ తన మోపెడ్ తెచ్చింది. స్టార్ట్ అయితలేదు. సోమయ్య బయటికి పోయిండు, నేనే పట్టుకున్న. పెట్రోల్ బండి ప్రాణం నిప్పురవ్వల ఉంటది. ఇంజన్ తిరుగుతుంటే లోపల రెండు పాయింట్లు, అంటే ఒకదాన్నొకటి తాకే చిన్న లోహపు బిళ్లలు, విడిపోవాలె. విడిపోయిన ఆ క్షణంలనే కాయిల్ నుంచి కరెంటు ఎగిరి ప్లగ్గు కొసకు రవ్వ పుడ్తది. ఆ సందు గోరు మందం గూడ ఉండదు. పాయింట్లు రుద్దిన, సందు సరిచేసిన. ఇగ ఆ సందు కదలకుంట పట్టే స్క్రూ గట్టిగ బిగించాలె. అన్నం యాళ్లయింది. బండి ఒక్క తొక్కుకే అందుకుంది. బిగించిననుకొని మూత పెట్టిననా, బిగించలేదని తెలిసే పెట్టిననా? ఇప్పటికీ నన్ను నేనే అడుగుతుంట.

ఆ రోజే అడవి దారి గతుకులకు స్క్రూ జారింది. పాయింట్లు అతుక్కున్నయ్. రవ్వ ఆగింది, బండి ఆగింది. ఒక గూడెంల కాన్పు చేయనీకె పోతున్న నర్సమ్మ సంచి భుజానేసుకొని నడిచింది. ఆమె చేరేసరికి బిడ్డ పుట్టింది, తల్లికి నెత్తురు ఆగుతలేదు. ఎట్లనో తల్లీబిడ్డ ఇద్దరూ దక్కిన్రు.

మర్నాడు బండి షెడ్డుకొచ్చింది. షెడ్డు ఓనరు సేటు మూత ఇప్పి చూసిండు.

"ఎవడు చేసిండురా ఇది?"

"సోమయ్య," అన్న.

"నేను ఆ బండి ముట్టనే లే సేటూ!" అన్నడు సోమయ్య.

"అడవిల తిరిగెటోనికి మిషన్ పని ఏం తెలుస్తది? పో!"

సోమయ్య నా దిక్కు చూసిండు. చేతులు తుడుచుకొని పోయిండు.

ఇప్పుడు వాళ్ల ఊళ్లెనే సొంతంగ బండ్లు చేస్తడంట. మంచి పేరుందంట. అది నా తప్పును కడుగుతదా? కడగదు. ఆయన బాగుపడ్డది ఆయన చేతి పనితోని, నా దయతోని కాదు.

నేను గూడ బాగనే ఉన్న. సొంత షెడ్డు, ఇంటికి పోతే వేడి వేడి బువ్వ, కంటినిండ నిద్ర. సిగ్గు అక్కడనే ఉంది: ఒకని నోటికాడి కూడు తీసినోడు గూడ ఇంత సల్లగ బతకొచ్చు.

ఆ బండి చేసింది నేనే. సోమయ్య కాదు. గీ ఒక్క మాట రాయనీకె పొద్దుగాల సంది కూసున్న. బయట ఎవరో హారన్ కొడ్తున్నరు. పోయి షెడ్డు తెరవాలె.