సగంలో ఆపిన క్షవరం

మునిసిపాలిటీ ఆరోగ్య విభాగంలో ఇన్‌స్పెక్టరు ఆయన. ఊళ్ళో చాలామందికి అసలు పేరు తెలియదు గానీ, ఫినాయిల్ సారు అంటే పసిపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ మురికికాలవలూ, చెత్తకుప్పలూ, హోటళ్ళ వంటగదులూ చూసీ చూసీ ఆ వాసన ఆయన ఒంటికి పట్టేసింది. భార్య ఎన్ని సబ్బులు మార్చినా వదల్లేదు. ఆయన హోటల్లో అడుగు పెడితే సర్వరు మంచినీళ్ళకంటే ముందు తుడుపుగుడ్డ పట్టుకుని పరుగెత్తుకొచ్చేవాడు. అంత హడల్. మనిషి మాత్రం వెన్న. ఎవరికైనా జరిమానా రాస్తే ఆ పూట ఆయనకు అన్నం సయించేది కాదు. అలాంటివాడికి అలాంటి ఉద్యోగం ఎవరిచ్చారో ఏమో, ఇచ్చారు, ఆయన చేసుకుంటూ వచ్చాడు.

ఆయనకున్న ఒకే ఒక్క విలాసం ప్రతి ఆదివారం పొద్దున్నే, జుట్టు పెరిగినా పెరగకపోయినా, ఎడంచేతాయన సెలూనుకు వెళ్ళి కుర్చీలో కూలబడటం. ఎడంచేతాయన ఆయనకు బడిలో బెంచీ నేస్తం. ఒకడిది కుడిచేతి రాత, ఇంకొకడిది ఎడమచేతి రాత కావడంతో మోచేతులు ఢీకొని ఇద్దరి పలకలూ పాడయ్యేవి. ఆ కొట్లాటే ముదిరి స్నేహమైంది. పెద్దయ్యాక ఒకడు కత్తెర పట్టాడు, ఇంకొకడు ఫినాయిల్ డబ్బా పట్టాడు.

ఎడంచేతాయనది విచిత్రమైన స్వభావం. చేతికింద తల ఉంటే తప్ప ఆ మనిషికి మాట పెగలదు. బజార్లో ఎదురైతే ‘బావున్నావా’, ‘ఆఁ’, అంతే సంగతి. అదే కుర్చీలో కూర్చోబెట్టి మెడకు గుడ్డ చుట్టాడంటే ఇక ఆ నోటికి అడ్డూ ఆపూ ఉండదు. భార్య ఆయాసం, పక్క కొట్టువాడి గీర, తనకు వచ్చిన కలలు, అన్నీ చెప్పుకొచ్చేవాడు. ఇన్‌స్పెక్టరు కళ్ళు మూసుకుని ఊకొట్టేవాడు. వారమంతా ఆయన చెబితే జనం వినాలి. ఆ కుర్చీలో మాత్రం ఆయన వినేవాడు. ‘ఒరేయ్, కదలకు, చెవి తెగితే మీ ఆవిడకి నేను సమాధానం చెప్పలేను’ అంటూ నెత్తిన మొట్టికాయ వేసే మనిషి ఆయనకు ఈ భూమ్మీద అతనొక్కడే. ఓ వయసు దాటాక మనకు మొట్టికాయ వేసేవాళ్ళు దొరకడం ఎంత కష్టమో, పోగొట్టుకున్నవాళ్ళని అడిగితే చెబుతారు.

అలా సాగుతుండగా ఆ మాయదారి జబ్బు వచ్చిపడింది. సెలూన్లన్నీ మూసెయ్యాలని ఆర్డరొచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఇన్‌స్పెక్టరు ముందుగా వెళ్ళింది స్నేహితుడి దగ్గరికే.

“మళ్ళీ ఎప్పుడు తెరవమంటావురా?” అన్నాడు ఎడంచేతాయన.

“తెలీదురా. తెలిసిన రోజు ముందు నీకే చెప్తా.”

ఎడంచేతాయన షట్టరు లాగేశాడు.

ఆ తర్వాత ఇన్‌స్పెక్టరుకు ఊపిరి సలపలేదు. జబ్బొచ్చిన ఇళ్ళకు నోటీసులు అంటించడం, వీధులకు అడ్డంగా కర్రలు కట్టించడం, మందు కొట్టించడం, మాస్కు గడ్డం కింద పెట్టుకుని తిరిగేవాళ్ళతో గొంతు పోయేలా అరవడం. ఇంటికొస్తే వరండాలోనే స్నానం, వరండాలోనే భోజనం, ముందుగదిలో ఒంటరి పడక. కట్టుకున్న భార్యనే దూరంగా పెట్టినవాడు, ఆయాసంతో బాధపడే ఇల్లాలున్న స్నేహితుడి గడప ఎలా తొక్కుతాడు? అందుకే అటు వెళ్ళలేదు. ఎందుకు రావడం లేదో ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. అదీ చెప్పలేదు. తెలిసే ఉంటుందిలే అనుకున్నాడు. మగవాళ్ళ స్నేహాలు సగం ఈ ‘తెలిసే ఉంటుందిలే’ దగ్గరే తగలడతాయి.

ఫోను చేస్తే ఎడంచేతాయన అటునుంచి ఊఁ అనేవాడు, ఈయన ఇటునుంచి ఊఁ అనేవాడు. చేతులు ఖాళీగా ఉన్న మనిషి ఏం మాట్లాడతాడు? కొన్నాళ్ళకు ఆ ఊకొట్టుళ్ళు కూడా తగ్గిపోయాయి.

ఈలోగా ఇన్‌స్పెక్టరు జుట్టు చెవులమీదికి దిగింది. భార్య గుమ్మంలో నిలబడి నవ్వింది. “ఏమండీ, మిమ్మల్ని చూస్తుంటే మీకే జరిమానా వెయ్యాలనిపిస్తోంది. దూరంగానే నిలబడి కత్తిరిస్తాను, తల ఇటు పెట్టండి.”

“వద్దులే.”

“నా చెయ్యి మీద నమ్మకం లేదా?”

“అది కాదే...” అని ఊరుకున్నాడు. ఆ జుట్టు ఒకరికోసం దాచి ఉంచుకున్నట్టుందని చెబితే ఆవిడ పడీపడీ నవ్వుతుంది మరి.

ఓ రోజు వీధిలో పాలాయన వంగి క్యాను దించుతుంటే ఇన్‌స్పెక్టరు చూపు అతని మెడ మీద పడింది. మెడ దగ్గర జుట్టు కుడివైపుకి ఒరిగి ఉంది. కుడి కణత మీది జుట్టు ఎడమదానికన్నా రవ్వంత పొట్టి. ఎడమచేత్తో మిషను నడిపేవాడు చేస్తే తప్ప అలా రాదు. ఏళ్ళ తరబడి అద్దంలో ఆ పనితనం చూసుకున్న మనిషికి ఎవరూ సాక్ష్యం చెప్పనక్కర్లేదు. ఎడంచేతాయన చాటుగా క్షవరాలు చేస్తున్నాడు.

చట్టప్రకారం ఇన్‌స్పెక్టరుకు ఒళ్ళు మండాలి. మండలేదు. ఉన్నమాట చెప్పుకోవాలంటే, పాలాయన మీద అసూయ పుట్టింది. వీడికి ఎన్ని కబుర్లు చెప్పి ఉంటాడో అనుకున్నాడు.

మర్నాటినుంచీ ఆయనకు అదే పని అయిపోయింది. బ్యాంకు ముందు వరసలో నిలబడినవాళ్ళ మెడలు చూసేవాడు, మందుల షాపు దగ్గర మెడలు చూసేవాడు. నున్నగా, తీరుగా కత్తిరించి ఉంటే, ‘ఇవాళ వీడు హుషారుగా ఉన్నాడు, ఆవిడకి ఆయాసం తగ్గినట్టుంది’ అని సంతోషపడేవాడు. గీత వంకరపోతే, ‘చూపు ఆనడం లేదేమో, కళ్ళజోడు మార్చుకోమంటే వినడు కదా’ అని బెంగపెట్టుకునేవాడు. అలా ఊరి మెడల మీద స్నేహితుడి క్షేమసమాచారాలు చదువుకుంటూ తిరిగాడు. ఎవరికీ చెప్పలేదు.

కమిషనరు గారు మీటింగు పెట్టి, “సెలూన్ల విషయంలో కఠినంగా ఉండాలి, ఎవర్నీ ఉపేక్షించొద్దు” అని బల్ల గుద్ది, గోడమీది పటం చూపించడానికి వెనక్కి తిరిగారు. ఆయన మెడ దగ్గర జుట్టు కుడివైపుకి ఒరిగి ఉంది! ఇన్‌స్పెక్టరు పొట్టచెక్కలయ్యే నవ్వును దగ్గులోకి మళ్ళించాడు. దగ్గు వినగానే సిబ్బంది అంతా కుర్చీలు దూరం జరుపుకున్నారు.

ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు. ఎడంచేతాయన వీధిలో జ్వరాలు మొదలయ్యాయి. పక్కింటివాళ్ళు ఆఫీసుకు ఫోను చేసి, ఫలానా ఇంటి వెనక గుమ్మంలో క్షవరాలు జరుగుతున్నాయని ఫిర్యాదు చేశారు. అది నలుగురి చెవినా పడింది కాబట్టి కమిషనరు గారికి చర్య తీసుకోక తప్పలేదు. “ఎవర్నయినా పంపించి సామాను జప్తు చేయించి, సెలూనుకు సీలు వేయించండి” అన్నారు, మెడ తడుముకుంటూ.

“నేనే వెళ్తాను సార్” అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ మాట ఎలా నోరు జారిందో ఆయనకే తెలియదు.

మధ్యాహ్నం ఎండలో ఇద్దరు సిబ్బందిని వెంటేసుకుని వెళ్ళి వెనక గుమ్మం తట్టాడు. లోపల మిషను చప్పుడు ఆగింది. తలుపు తెరుచుకుంది. ఎడంచేతాయన మాస్కు మీద కళ్ళు మాత్రమే కనిపించాయి. ఆ కళ్ళు ఈయన్ని చూసీ చూడగానే విప్పారాయి.

“వచ్చావట్రా! ఏంట్రా ఆ జుట్టు, అడవి మనిషిలాగా! రా, రా, లోపలికి...”

అప్పుడు వెనకనున్న ఇద్దరూ, వాళ్ళ చేతుల్లో లక్కా, సీలూ, నోటీసు కాగితమూ కనిపించాయి. ఎడంచేతాయన గుమ్మంలోంచి పక్కకు జరిగాడు.

లోపల స్టూలు మీద ఓ మాస్టారు కూర్చుని ఉన్నాడు. తల కుడివైపు నున్నగా, ఎడమవైపు గుబురుగా ఉంది. సిబ్బంది కత్తెరలూ మిషనూ సంచిలో వేస్తుంటే ఎడంచేతాయన ఒక్కటే అడిగాడు. “ఈయనది సగంలో ఉంది. పూర్తి చెయ్యనీ, తర్వాత నీ ఇష్టం.”

ఎంతసేపు పడుతుంది? టీ తాగినంత సేపు. కానీ సిబ్బంది ఇద్దరూ తన ముఖంలోకే చూస్తున్నారు. స్నేహితుడని మొహమాటపడ్డాడంటే రేపు ఊళ్ళో ఎవరూ ఆయన మాట లెక్కచెయ్యరు.

“కుదరదు” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

మాస్టారు తువ్వాలు తలకు చుట్టుకుని గోడవారగా వెళ్ళిపోయాడు. చేతికింద తలను సగంలో వదిలెయ్యడం ఎడంచేతాయనకు ఆ వృత్తిలోకి వచ్చాక అదే మొదటిసారి. ఆయన పరువు అక్కడ పోయింది, సీలు దగ్గర కాదు. ఆ సంగతి ఇన్‌స్పెక్టరుకు తెలుసు. తెలిసే అన్నాడు.

స్నేహితుడని కూడా చూడలేదట, మనిషంటే అలా ఉండాలి అని ఊరంతా మెచ్చుకుంది. కమిషనరు గారు నలుగురి ముందూ భుజం తట్టారు. ఇంట్లో భార్య మాత్రం గుమ్మంలో నిలబడి, “మీరే వెళ్ళాలా?” అంది. ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

ఆ తర్వాత ఊళ్ళో అందరికీ జుట్టు పెరిగింది. పాలాయనకు పెరిగింది, బ్యాంకువాళ్ళకు పెరిగింది, కమిషనరు గారికీ పెరిగింది. ఏ మెడ మీదా ఏ కబురూ లేదు. ఎడంచేతాయన ఫోను ఎత్తడం లేదు. ఆదివారం తెల్లారితే చాలు, ఇన్‌స్పెక్టరు కాళ్ళు వాటంతట అవే సెలూను వీధిలోకి నడిచేవి. మూసిన షట్టరు ముందు కాసేపు నిలబడి, పనిమీద వచ్చినవాడిలా అటూ ఇటూ చూసి, వెనక్కి వచ్చేసేవాడు. జబ్బొచ్చి పోయినవాళ్ళను చూశాడు, వాళ్ళకోసం ఏడ్చేవాళ్ళను చూశాడు. బతికి ఊళ్ళోనే ఉన్న మనిషి కోసం ఇంత బెంగేమిటని తనను తాను తిట్టుకున్నాడు. తిట్టుకుంటే బెంగ తగ్గుతుందా?

చివరికి సెలూన్లు తెరవొచ్చని ఆర్డరొచ్చింది. సీలు విప్పడానికీ, సామాను తిరిగి ఇవ్వడానికీ ఇన్‌స్పెక్టరే వెళ్ళాడు. ఎడంచేతాయన సంచి అందుకుని, “థాంక్యూ సార్” అన్నాడు. చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

ఆదివారం వచ్చింది. ఇన్‌స్పెక్టరు అందరితోపాటు బెంచీ మీద తన వంతుకోసం కూర్చున్నాడు. వంతు వచ్చింది. మెడకు గుడ్డ బిగిసింది. తల మీద చెయ్యి పడింది. ఆ చెయ్యి తగలగానే ఆయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఇప్పుడు మొదలుపెడతాడు, ఇప్పుడు తిడతాడు, తిడితే బావుండును అని చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు. కత్తెర చప్పుడు తప్ప ఏమీ లేదు. తల చేతికిందే ఉంది, అయినా ఎడంచేతాయన నోరు విప్పడం లేదు.

ఇక ఉండబట్టలేక ఇన్‌స్పెక్టరే మొదలుపెట్టాడు. “ఆ రోజు నేను రాకపోయినా సీలు పడేదిరా.”

“పడేది సార్.”

“వేరేవాళ్ళని పంపించి ఉండొచ్చు. నేనే వస్తానన్నాను.”

“డ్యూటీ కదా సార్.”

“డ్యూటీ నా మొహం. నిన్ను చూసి ఎన్నాళ్ళయిందో. చూడాలనిపించిందిరా. రావడానికి నాకు ఇంకో వంక దొరకలేదు.”

కత్తెర ఆగింది. బెంచీ మీదున్నవాళ్ళు పేపర్లలోంచి తలలెత్తి, మళ్ళీ దించుకున్నారు. ఎడంచేతాయన ఎవరికీ వినపడకుండా వంగి, చెవి దగ్గర మెల్లిగా అన్నాడు.

“వెనక గుమ్మం చప్పుడైనప్పుడల్లా నువ్వేననుకునేవాణ్ణిరా. ఊళ్ళో అందరూ వచ్చారు, మీ కమిషనరు కూడా వచ్చాడు. నువ్వు రాలేదు. తీరా నువ్వొచ్చిన రోజున...” కత్తెర అంచు గుడ్డకు తుడుచుకున్నాడు. “ఒక్కడివే రావాల్సిందిరా.”

ఎడంచేతాయన మిగతా జుట్టు కూడా శ్రద్ధగా కత్తిరించి, మెడ మీద పౌడరు అద్ది, గుడ్డ దులిపి, “తర్వాత ఎవరు?” అని బెంచీ వైపు తిరిగాడు.

ఇన్‌స్పెక్టరు రోడ్డుమీదికి వచ్చాడు. నున్నటి మెడకు గాలి చల్లగా తగులుతోంది. పలచబడిన ఈ జుట్టు మళ్ళీ ఎప్పటికి పెరుగుతుందో, ఏ వంకా లేకుండా మళ్ళీ ఆ కుర్చీలో ఎప్పుడు కూర్చోవచ్చో అనుకుంటూ ఇంటికి నడిచాడు.