మా కోడికి రాదండి

ఆ రోజుల్లో ఇంగ్లీషు రాకపోతే మనుషులకే కాదు, మా ఇంట్లో కోళ్లకీ పరువు ఉండేది కాదు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. తొంభైల చివర్లో మా రావులపాలెంలో ఇంటింటికీ ఒక పూనకం పట్టింది. పిల్లాడికి మూడేళ్లు నిండితే చాలు, రాజమండ్రి కాన్వెంటులో ఎల్‌కేజీ సీటు కావాలి. ఆ సీటుకి ఇంటర్వ్యూ ఒకటి. (మూడేళ్లవాడికి ఇంటర్వ్యూ! మా అన్నయ్య కొడుకు పండుగాడికి అప్పటికి నిక్కరు వేసుకోవడం రాదు, నలుగురిలో విప్పుకోవడం మాత్రం వచ్చు.) అందులో జంతువుల బొమ్మలు చూపించి అవి ఎలా అరుస్తాయో ఇంగ్లీషులో అడుగుతారని ఎవరో మా వదిన చెవిలో వేశారు. ఇంక ఆవిడకి నిద్ర లేదు. సీటొస్తే అన్నవరంలో వ్రతం చేయిస్తానని మొక్కేసుకుని, పిల్లాణ్ణి తెచ్చి నా ఒళ్లో కూర్చోబెట్టింది.

నేనప్పుడు డిగ్రీ పాసై, ఇంట్లో పత్రిక మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే ఉద్యోగంలో ఉన్నాను. అన్నయ్యకి అరటి మార్కెట్లో వ్యాపారం. నన్ను చూసినప్పుడల్లా ఆయనకి ఒళ్లు మండేది. "ఒరేయ్, పండుగాడికి సీటొచ్చిందా, నిన్ను కంప్యూటర్ కోర్సులో జేర్పిత్తాను. రాలేదా, మర్నాటి నుంచి మార్కెట్టుకొచ్చి గెలలు మోయించు," అన్నాడు. ఆ రోజుల్లో నాకు కంప్యూటరంటే స్వర్గం, అరటి గెలంటే నరకం. అందుకని పండుగాడి చదువుని నా చావు బతుకుల సమస్యగా భుజాన వేసుకున్నాను.

రాజమండ్రి వెళ్లి రంగుల బొమ్మల పుస్తకం కొనుక్కొచ్చాను. తెరిచి చూస్తే నాకే మతిపోయింది. పంది 'ఆయింక్' అంటుందట. మా ఊళ్లో ఏ పందీ అంత మర్యాదగా మాట్లాడగా నేను వినలేదు. గాడిద 'హీహా' అంటుందట, ఎవరో జోకు చెప్పినట్టు. కోడిపుంజు అరుపు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 'కాక్-ఎ-డూడుల్-డూ'! తెల్లారగట్ట ఇంత పొడుగు వాక్యం అప్పజెప్పే కోడిని నమ్ముకుంటే ఆ దేశంలో ఎవడు లేచి పొలం వెళతాడు? (అన్నయ్య దగ్గర అరటి లోడు ఎత్తే ఉత్తరాది లారీ డ్రైవరుని అడిగితే వాళ్ల కోడి 'కుక్‌డూకూ' అంటుందన్నాడు. దానికీ ఆ 'డూ' జబ్బు ఉంది.) ఇక మా పెరట్లో పూటకి నాలుగు లీటర్ల పాలిచ్చే గేదెకి ఆ పుస్తకంలో అసలు నోరే లేదు. పిల్లి ఒక్కటే ఎక్కడికెళ్లినా 'మ్యావ్' అని బతికిపోయింది. ఇంత వెటకారం ఇప్పుడు చేస్తున్నాను గానీ, అప్పుడు మాత్రం అదంతా వేదంలా వల్లె వేయించాను. పైగా ఇంట్లో శాసనం పెట్టాను, పండుగాడి ముందు ఎవరూ తెలుగులో అరవకూడదని. మా అమ్మ వాడికి అన్నం పెడుతూ "అదిగో, కాకమ్మ కావు కావు అంటంది," అంటే చాలు, నేను పరిగెత్తుకెళ్లి "అమ్మా, పిల్లాడి భవిష్యత్తు!" అని గసిరేవాణ్ణి. "కాకి కావు మనక నీలాగ ఖాళీగా కూకుంటాదేంట్రా?" అనేది అమ్మ.

నా పాఠం పండుగాడికి ఎక్కాల్సిన దానికన్నా ఎక్కువే ఎక్కింది. ఒక రోజు పొద్దున్న చూస్తే వాడు పెరట్లో నడుం మీద చేతులు పెట్టుకుని, అమ్మ పెంచే ఎర్ర డేగ కోడిపుంజు ఎదురుగా నిలబడి ఉన్నాడు. అది గోడ మీదకెక్కి 'కొక్కొరొకో' అంది. "తప్పు! కాక్-ఎ-డూడుల్-డూ అనాలి," అన్నాడు వీడు. అది మెడ పక్కకి తిప్పి, ఒంటికన్నుతో వీణ్ణి పైనుంచి కిందికి చూసి, ఈసారి వీధి చివరికి వినపడేలా కూసింది. వాడు ఏడుపు మొహంతో నా దగ్గరికొచ్చాడు. నేనేం చేయాలి? గురువుని కదా, వెళ్లి పుంజుని గట్టిగా మందలించాను. నా డిగ్రీ అక్కరకొచ్చిన మొదటి సందర్భం అదే.

ఇంటర్వ్యూ రోజు అన్నయ్య మార్కెట్టు వదిలి రాలేనన్నాడు, వదినకి చెమటలు పట్టాయి, నేనే వాణ్ణి ఎత్తుకుని లోపలికెళ్లాను. బయట వరండాలో తల్లుల చంకల్లో పిల్లలు, అందరూ గొణుక్కుంటూ బౌ-వౌలే. లోపల ప్రిన్సిపాల్ పెద్ద సిస్టర్, కేరళావిడ. కుక్క బొమ్మ చూపించింది, వీడు 'బౌ-వౌ' అన్నాడు. ఆవుకి 'మూ' అన్నాడు. నాకు కంప్యూటరు కళ్ల ముందు వెలుగుతోంది. తర్వాత కోడిపుంజు బొమ్మ తీసింది. అచ్చం మా పుంజే, ఎర్రగా, అదే పొగరు. పండుగాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వదిన నేర్పిన మర్యాదంతా కలిపి, "మా కోడికి రాదండి," అన్నాడు. "బాబాయి దానికి కూడా నేర్పాడండి. అయినా రాలేదండి."

ఆవిడ నా వైపు చూసింది. నేను గోడ మీది గడియారం వైపు చూశాను. "రాదా? మరి అది ఏమి చెప్తుంది?" అని అడిగింది వాణ్ణి. "చెప్పకూడదండి. బాబాయి తిడతాడు," అన్నాడు ద్రోహి. "అయితే బాబాయి చెప్పాలి," అందావిడ, నాతో. ఇస్త్రీ చొక్కా వేసుకుని, టక్ చేసుకుని, చేతిలో డిగ్రీ సర్టిఫికెట్ నకలుతో (అదెందుకు తీసుకెళ్లానో ఇప్పటికీ తెలీదు) 'కొక్కొరొకో' అని సన్నగా గొణిగాను. "అలాగ్గాదు బాబాయ్, గట్టిగా!" అన్నాడు పండుగాడు. సీటు పోయిందని అర్థమైపోయింది. పోతే పోయింది, పిల్లాడి కళ్లనీళ్లైనా ఆగుతాయని మెడ చాచి, కళ్లు మూసుకుని, గోడలు దద్దరిల్లేలా కూసేశాను. తర్వాత వరండాలోంచి, నెలల తరబడి నోళ్లు కుట్టేసిన బుడతలందరూ ఒక్కసారిగా 'కొక్కొరొకో' అని బదులిచ్చారు. తల్లులు నోళ్లు మూస్తున్నా ఆగలేదు. సిస్టర్ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేదాకా నవ్వి, "మా నాట్లో, మా ఊళ్లో కూడా ఇదే కోడి. కొక్కరక్కో," అంది. పండుగాడి చేతిలో చాక్లెట్ బిళ్ల పెట్టి, సీటిచ్చేసింది.

వదిన అన్నవరం వెళ్లొచ్చింది. సంబరానికి పుంజుని కోద్దామన్నాడు అన్నయ్య. "మనవడికి సీటిప్పించిన పుంజుని కోత్తావా, నీ చేతులు పడ," అని అమ్మ దాన్ని గంపకింద దాచేసింది. అది ముసలిదై పోయేదాకా ఇంగ్లీషు ముక్క నేర్చుకోకుండానే బతికింది. నేను కంప్యూటర్ కోర్సు నేర్చుకుని, ఆ సర్టిఫికెట్ కూడా పెట్టెలో పెట్టి, చివరికి అరటి మార్కెట్లోనే తేలాను. స్వర్గానికీ నరకానికీ పెద్ద తేడా లేదని అక్కడే తెలిసింది.

పండుగాడికిప్పుడు హైదరాబాదులో ఉద్యోగం. మొన్న కూతుర్ని తీసుకొచ్చాడు. దానికీ మూడేళ్లే. ఫోనులో కోడి బొమ్మ చూపించి, "తాతా, ఇది ఏమంటుంది?" అని నాకు ఇంటర్వ్యూ పెట్టింది. అమ్మా లేదు, ఆ పెరటి గోడా లేదు. గొంతు సవరించుకుని కూశాను. "తప్పు తాతా! కాక్-ఎ-డూడుల్-డూ అనాలి," అంది నడుం మీద చేతులు పెట్టుకుని. అప్పటి నేను ఎదురుగా ఉంటే వాడి చెవి మెలేద్దుననిపించింది. మెడ పక్కకి తిప్పి, ఒంటికన్నుతో దాన్ని చూసి, ఈసారి వీధి చివరికి వినపడేలా కూశాను. లోపల్నుంచి పండుగాడు నవ్వుతూ కేకేశాడు. "వదిలెయ్యమ్మా. మా కోడికి రాదు."