శనివారం ఎద్దు, ఆదివారం ఎద్దు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక ఎద్దు, మా పెదబాపు ఇంట్లో ఒక ఎద్దు ఉండేవి. తాతయ్య పోయాక అన్నదమ్ములు వేరుపడి, ఉన్న ఒక్క జతను చెరొకటి పంచుకున్నారు. మాది కర్రెద్దు, వాళ్ళది తెల్లెద్దు. ఒక్క ఎద్దుతో నాగలి నడవదు కాబట్టి దున్నే రోజు రెండూ మళ్ళీ ఒకే కాడి కిందికి వచ్చేవి. ఒకరోజు మా చెల్కలో, ఒకరోజు వాళ్ళ చెల్కలో. వేరుపడిన అన్నదమ్ములను కలిపి ఉంచుతున్నది ఆ ఎడ్లేనని మా బాపమ్మ, అంటే మా బాపును కన్నతల్లి, అంటుండేది.

చొప్పదండికి నడిచిపోయేంత దూరంలో మా ఊరు. తాతల నాటి నుంచి మాది మిషను చర్చికి పోయే కుటుంబం. ఆదివారం పూట పెదబాపు నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని చర్చికి తీసుకుపోయేవాడు. పాటలు పాడేటప్పుడు అందరిలోకీ ఆయన గొంతే పైన వినిపించేది. ఒక ఎండాకాలం మెట్‌పల్లి వైపు నుంచి ఒక బోధకుడు వచ్చి వారం రోజులు ఊళ్ళో ఉన్నాడు. దేవుడు విశ్రమించిన ఏడో దినం శనివారమేననీ, దాన్ని మార్చే అధికారం ఏ మనిషికీ లేదనీ చెప్పాడు. మా ఇంట్లో చదువొచ్చింది పెదబాపు ఒక్కడికే. ఆయన నెల రోజులు బైబిలు ముందేసుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత ఒక ఆదివారం చర్చికి రాలేదు.

క్రీస్తు లేచింది ఆదివారం, కాబట్టి అదే ప్రభువు దినం అని మా పాస్టరు వారం వారం ప్రసంగించేవాడు. ఎవరి దగ్గర వాళ్ళకు అధ్యాయాలూ వచనాలూ ఉన్నాయి. ఊళ్ళో మిగతా వాళ్ళకు ఇదంతా వేడుక. "దేవుడొక్కడే అంటరు గద, మరి అన్నకో వారం, తమ్మునికో వారమా" అని నవ్వేవారు. నేనూ తక్కువ తినలేదు. పెదబాపు దగ్గరికి పోయి, "నువ్వు నరకానికి పోతవట గదా" అని అడిగేశాను. ఆయన కోప్పడలేదు, నా తల నిమిరాడు. కొట్టినా నాకు అంత ఏడుపు వచ్చేది కాదు.

మాటలతో పోవలసింది ఎడ్ల దాకా వచ్చింది. విశ్రాంతి దినాన పశువుతో కూడా పని చేయించవద్దన్నది ఆజ్ఞ. పెదబాపు శనివారం తన ఎద్దును ఇయ్యనన్నాడు. "అట్లయితే ఐతారం నా ఎద్దు గూడ కొట్టంలనే ఉంటది" అన్నాడు బాపు. ఇద్దరూ మాట మీద నిలబడే రకమే. అలా వారంలో రెండు రోజులు జత కూడకుండా పోయింది. తర్వాత మాటలూ తగ్గిపోయాయి.

ఆ ఏడు మిరుగం కార్తె తొలి వాన శుక్రవారం సాయంత్రం పడింది. ఆ తడి పదును మీదనే మక్కలు, అంటే మొక్కజొన్న గింజలు, పెట్టాలి. రెండు రోజులు దాటితే మా ఎర్రనేల బిగుసుకుపోతుంది. అంతకు ముందు ఏడు పదును తప్పి సగం విత్తనం మొలవలేదు. ఎండాకాలమంతా మా అవ్వ, అంటే మా అమ్మ, మక్క గటకలో నీళ్ళు పెంచుతూ వండింది. అందుకని ఆ శనివారం పొద్దున్నే బాపు సిగ్గు విడిచి అన్న గుమ్మం ముందు నిలబడ్డాడు. "తమ్మీ, నేను మాట తప్ప. రేపు నా ఎద్దు ఉంటది, నువ్వే రావు" అన్నాడు పెదబాపు. ఊళ్ళో ఎవరి ఎడ్లు వాళ్ళ చేలల్లో ఉన్నాయి, అడిగినా దొరకవు.

బాపు కర్రెద్దును తోలుకుని ఊరికే చెల్కకు వచ్చాడు. మక్కల ఒడి కట్టుకుని నేనూ అవ్వా, మాతో బాపమ్మా వెనక వచ్చాం. ఏం చేయాలో తోచక నిలబడ్డాం. బాపమ్మ కొంగు నడుముకు చుట్టి, కాడి రెండో కొస ఎత్తి తన భుజం మీద పెట్టుకుంది.

"మేడి పట్టు కొడుకా. ఎద్దు లేకుంటేంది, మీ అవ్వ లేదా?"

బాపు వద్దని కాళ్ళు పట్టుకున్నాడు. ఆమె వినలేదు. కర్రెద్దు కదిలింది, ఆమె కదిలింది. బాపు ఏడుస్తూ నాగలి మేడి పట్టాడు. నేను వెనక గింజలు వేస్తున్నాను. పది అడుగులకే ఆమె రొప్పు నాకు వినిపించింది.

పక్క చెల్కలోనే పెదబాపు గుడిసె, శనివారం ఆయన ప్రార్థన చేసుకునేది అక్కడే. ప్రార్థన మధ్యలో తల ఎత్తి చూశాడేమో, గట్టు దాటి పరుగెత్తుకొచ్చాడు. "ఎద్దును పండవెట్టి మా అవ్వను కాడికి కట్టిననా దేవా" అని గట్టిగా ఏడ్చాడు. ఆమె భుజం మీది కాడి తీసి తన భుజానికి ఎత్తుకున్నాడు. తెల్లెద్దును మాత్రం తోలుకు రాలేదు. దాని విశ్రాంతి దానికే ఉంచి, తన విశ్రాంతిని వదులుకున్నాడు. పొద్దు గుంకే దాకా కర్రెద్దు పక్కన పెదబాపు నడిచాడు, వెనక బాపు, ఆ వెనక నేను. అంత పెద్ద మనిషి ఎద్దు పక్కన ఎద్దులా వంగి నడుస్తుంటే గింజలు వేయడానికి కూడా భయం వేసింది, చర్చిలో కానుక పళ్ళెం ముందు నిలబడ్డట్టు.

మరునాడు ఆదివారం. చర్చి వదలగానే బాపు ఇంటికి రాలేదు. నేరుగా పెదబాపు చెల్కకు పోయి, ఉతికిన అంగీ విప్పి గట్టు మీద పెట్టి, తెల్లెద్దు పక్కన కాడి కింద దూరాడు. మా కర్రెద్దు కొట్టంలో నెమరు వేస్తోంది. ఆ దారినే వస్తున్న పాస్టరు గట్టు మీద ఆగి, చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఆ తర్వాత ఆయన శనివారం గురించి ప్రసంగం చేయగా నేను వినలేదు.

ముసలామె భలే ఉపాయం చేసిందని ఊళ్ళో చెప్పుకున్నారు. ఆమె భుజానికి వేడి నూనె రాసింది నేను. చర్మం లేచి, చుట్టూ నల్లగా కమిలి ఉంది. అందుకే నేను ఏనాడూ దాన్ని ఉపాయం అనలేదు. "ఏ రోజు నిజం బాపమ్మా?" అని నూనె రాస్తూ అడిగాను. "నాకు చదువు రాదు బిడ్డా. వాళ్ళిద్దరు నా కడుపుల పుట్టిండ్రు, గదొక్కటే ఎరుక" అంది.

మక్కలు మొలిచాక చూస్తే మనిషి లాగిన సాళ్ళన్నీ వంకరే. మా చెల్కలో శనివారం వంకరలు, వాళ్ళ చెల్కలో ఆదివారం వంకరలు. దారిన పోయేవాళ్ళు ఎవరు దున్నారని నవ్వితే అన్నదమ్ములిద్దరూ ఒకరి వైపు ఒకరు చూసుకునేవారు. చివరి దాకా పెదబాపు శనివారం మానలేదు, బాపు ఆదివారం మానలేదు.

ఇప్పుడు మంచిర్యాలలో కొడుకు దగ్గర ఉంటున్నాను. మా కోడలు శనివారం పాటించే ఇంటి పిల్ల. ఏ రోజు సరైనదో చెప్పే వీడియోలు నా ఫోనుకు రోజూ వస్తాయి, నేను తెరవను. శనివారం తెల్లవారకముందే లేచి వంటింట్లోకి పోతాను. మోకాళ్ళు నొస్తాయి, అయినా ఆ రోజు పొయ్యి నాది. ఆదివారం నేను లేచేసరికి కోడలు ఇల్లు ఊడ్చి, అన్నం వండి, నా తెల్లచీర మడత విప్పి మంచం మీద పెట్టి ఉంటుంది. "అత్తమ్మా, చర్చి గంట కొట్టిండ్రు, జర జల్ది పో" అంటుంది. ఆ మాట వింటే బాపమ్మ భుజం నా చేతికి తగిలినట్టే ఉంటుంది.