బావ బోర్డులకు నకలు

చెప్పుల దుకాణానికీ, తాళాలు బాగుచేసే బల్లకీ మధ్య, తలుపు సగమే తెరుచుకునే గది ఒకటుంది. లోపల పాత కంప్యూటర్లు పొట్టలు విప్పుకుని పడి ఉంటాయి. వాటి మధ్య, ముక్కు మీదికి జారిన కళ్లజోడుతో కూర్చునే మనిషిని ఆ వీధివాళ్లంతా డాక్టరు అంటారు. ఆ పేరు పెట్టింది అక్క మొగుడు. అదీ వెక్కిరింతకే. రోగం కుదురుస్తాడో లేదో గానీ రోగిని అడక్కుండా కడుపు మాత్రం కోసేస్తాడని బావ ఒకసారి నలుగురిలో అన్నాడు. ఆ నలుగురూ ఆ పేరును వీధి దాటించారు. డాక్టరుకు లోలోపల అది నచ్చింది కూడా.

బావ బోర్డులు రాసేవాడు. పెయింటరని ఎవరైనా అంటే ముఖం మాడ్చుకునేవాడు. గోడలకు సున్నం కొట్టేవాడు పెయింటరు, నేను రాసేవాణ్ణి అనేవాడు. ఆ పట్టుదలలో న్యాయం లేకపోలేదు. ఊళ్లు తిరిగేవాణ్ణి ఎవరినైనా అడగండి. ఫలానా ఊరనగానే అతనికి మేడలూ వంతెనలూ గుర్తుకు రావు. స్టేషను బయట అడుగుపెట్టగానే కంటబడిన సోడా దుకాణం మీది ఎర్రటి అక్షరాలు గుర్తుకొస్తాయి. ఆ ఊరు తనను పలకరించింది ఆ అక్షరాలతోనే మరి. వాటిని రాసిన చెయ్యి ఎవరిదని మాత్రం ఏ ప్రయాణికుడూ ఆరా తీయడు.

బావకు తన పద్ధతి ఒకటుండేది. ముందు కాగితం మీద అక్షరాలు గీసేవాడు. గీత వెంట సూదితో చిల్లులు పొడిచేవాడు. కాగితాన్ని గోడకు ఆనించి, సుద్దపొడి కట్టిన గుడ్డమూటతో పైన అద్దేవాడు. గోడ మీద తెల్లటి చుక్కలు తేలేవి. చుక్కలు తేలగానే కాగితాన్ని అక్కడికక్కడే చించేసేవాడు. దాచుకుంటే తర్వాతి దుకాణానికీ అదే రాయబుద్ధేస్తుందట, చెయ్యి బద్ధకిస్తుందట. ఎంత మంచి గీత కుదిరినా సరే, గోడకెక్కాక ఆ కాగితంతో అతనికి పని లేదు.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. ఆ తర్వాత బావ కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. దుకాణాలు చేతులు మారాయి, గోడలు కూలాయి, మిగిలిన బోర్డుల మీద రంగురంగుల ప్లాస్టిక్ గుడ్డలు ఎక్కాయి. అతను రాసిన ప్రతి బోర్డుకూ ఒక ఫోటో తీసుకునే అలవాటు ఉండబట్టి సరిపోయింది. కాగితపు ఫోటోలు చెమ్మకు ఒకదానికొకటి అంటుకుని పాడవుతుంటే డాక్టరే వాటిని ఓపిగ్గా విడదీసి, స్కాన్ చేసి, బావ కంప్యూటర్లోకి ఎక్కించాడు. చివికిన కాగితాలు ఆ తర్వాత ఎన్నాళ్లో నిలవలేదు. అలా ఒక మనిషి బతుకంతా చేసిన పని ఆ బల్లమీది డబ్బాలోకి చేరింది. కొన్నాళ్లు బావ పొద్దున్నే కాఫీ తాగుతూ ఒక్కొక్కటీ తిప్పుకుంటూ పోయేవాడు.

పక్కవాటాలో వాళ్ల కంప్యూటరు ఉన్నట్టుండి చచ్చిపోయి, పెళ్లి ఫోటోలన్నీ పోయాయని తెలిసినప్పుడు అక్కకు గుండె దడ పట్టుకుంది. తమ్ముడి దుకాణానికి మొగుణ్ణి తరిమింది. బావ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఒరేయ్ డాక్టరూ, నాకు పెద్ద చదువులొద్దు. నొక్కడానికి ఒక్క బొత్తం ఉండేది చూడు. నొక్కితే దాచాలి. దాచినదాన్ని ఎవడూ చెడగొట్టకూడదు, నేనైనా సరే."

ఇంత స్పష్టంగా అడిగిన మనిషి ఆ దుకాణానికి అంతకు ముందూ రాలేదు, తర్వాతా రాలేదు.

డాక్టరు రెండు సాఫ్ట్‌వేర్లు చూశాడు. మొదటిది అచ్చం బావ అడిగినట్టే ఉంది. తెర మధ్యలో పళ్లెమంత బొత్తం, దాని కింద చివరిసారి ఎప్పుడు దాచిందో చెప్పే ఒక వాక్యం. అంతే. పాతవాటి జోలికి పోకుండా కొత్తవి చేర్చుకుంటూ పోతుంది. మార్చుకోవడానికి, సర్దుకోవడానికి లోపల ఏమీ లేదు. డాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పసిపిల్లల ఆటబొమ్మలా ఉందని పెదవి విరిచాడు. రెండోది తెరిస్తే గది వెనక గది ఉన్న దివాణంలా ఉంది. దాని ముందు కూర్చుంటే అతనికి పొద్దే తెలియలేదు. రోజూ సాయంత్రం పక్కన తగిలించిన డిస్కు పెట్టెను కంప్యూటరుతో పోల్చి, రెండూ ఒక్కలా ఉండేట్టు అదే చూసుకునే ఏర్పాటు ఎంచుకున్నాడు. చూడముచ్చటగా కుదిరిందనుకున్నాడు.

బావ ఇంట్లో బిగిస్తూ, ఇక నువ్వు ఏ బొత్తమూ నొక్కక్కర్లేదని గొప్పగా చెప్పాడు. ఫోటోలన్నీ పెట్టెలోకి చేరినట్టేనా అని బావ అడిగాడు. చేరినట్టేనన్నాడు డాక్టరు. ఇక్కడ తీసేస్తే అక్కడా పోతాయన్న సంగతి అతని నాలుక మీదికి రాలేదు. అది అతనికి చెప్పాల్సిన విషయంగా తోచలేదు, నీళ్లు తడిగా ఉంటాయని ఎవరైనా చెబుతారా?

కొన్నాళ్లకు కంప్యూటరు నత్తలా నడవసాగింది. బావమరిదిని ఊరికే పిలవడమెందుకనుకున్నాడు బావ. ఫోటోలు పెట్టెలో భద్రంగా ఉన్నాయి, ఇక్కడివి ఎందుకు? గోడకెక్కాక కాగితాన్ని చించినట్టే, కంప్యూటర్లో ఉన్నవన్నీ తీసేశాడు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి చేతులు దులుపుకున్నాడు. ఆ సాయంత్రం ఆ తెలివైన సాఫ్ట్‌వేరు తన డ్యూటీ తాను చేసింది. పెట్టెలోనూ తుడిచి రెంటినీ ఒక్కలా చేసింది. ఖాళీ బోలెడు దొరికిందని అక్క సంతోషపడి పాత సినిమాలు నింపుకుంది.

అక్షరాలు రాయడం నేర్పే ఒక టీచరమ్మ, పాత బోర్డులు చూపిస్తారా అంటూ వెతుక్కుంటూ వచ్చిన రోజున గాని బావ ఆ పెట్టె తెరవలేదు. తెరిస్తే అందులో అక్క సినిమాలు తప్ప ఒక్క బోర్డూ లేదు.

డాక్టరు కంప్యూటరునూ పెట్టెనూ దుకాణానికి తెచ్చుకుని, తనకు వచ్చిన విద్యలన్నీ వాడాడు. వాటి చోట్లో సినిమాలు ఎక్కి కూర్చోవడంతో దొరికినవి కాసిని ముక్కలు. ఒక అక్షరం తలకట్టు ఉంటే కింద అంతా బూడిదరంగు. బావ వాటిని కళ్లు చికిలించి చూశాడు. ఇది బట్టల కొట్టుదనుకుంటా అన్నాడు, కాదు మందుల దుకాణం అన్నాడు. ఆ మీదట ఊహించడం మానేశాడు.

"నా చేత్తో నేనే తుడిచాను. నువ్వేం చేస్తావురా."

అప్పుడు నోరు విప్పాల్సింది. డాక్టరు విప్పాడు కూడా, కానీ వచ్చిన మాట వేరు. "తుడిచేముందు నన్నొక్క మాట అడగాల్సింది బావా" అన్నాడు.

బావ ఆ మాట నిజమని నమ్మి, తప్పంతా తనదేనని మోశాడు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ, తన తెలివితక్కువతనాన్ని తానే హాస్యం చేసుకుంటూ చెప్పుకొచ్చాడు. రాసిందీ నేనే, చెరిపిందీ నేనే, మధ్యలో ఎవడికీ శ్రమ ఇవ్వలేదు అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. డాక్టరు అక్కడుంటే గ్లాసు కడగడానికో దేనికో లేచి వెళ్లేవాడు.

ఒకరోజు బట్టలు కుట్టే ఒకావిడకు ఆ పళ్లెమంత బొత్తం ఉన్న సాఫ్ట్‌వేరే పెట్టాల్సి వచ్చింది, ఆవిడ పాత కంప్యూటరు అంతకు మించి మోయలేదు. పరీక్షకని కంప్యూటర్లోంచి ఒక బొమ్మ తీసేసి చూశాడు. పెట్టెలో అది చెక్కుచెదరకుండా ఉంది. డాక్టరు దుకాణం మూసి తిన్నగా అక్క ఇంటికి వెళ్లాడు.

"బావా, అప్పుడు ఇంకోటి కూడా చూశాను. అచ్చం నువ్వు అడిగినట్టే ఉంది. అది పెట్టి ఉంటే నువ్వు తుడిచినా ఉండేవి."

"అప్పుడే తెలుసా నీకు?"

"తెలుసు."

"మరి పెట్టలేదేం?"

"మరీ సులువుగా ఉందని."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. బావ లేచి కిటికీ తలుపు మూశాడు. తర్వాత, పొద్దుపోయింది, భోంచేసి వెళ్లమన్నాడు.

బావ తిట్టలేదు. తిట్టి ఉంటే డాక్టరు అతని కాళ్లు పట్టుకునేవాడు, అక్క అడ్డుపడేది, ఎప్పటికో ఒకప్పటికి సర్దుకునేది. ఇప్పుడు డాక్టరు వెళ్తే బావ లేచి కుర్చీ జరుపుతాడు. ఒంట్లో ఎలా ఉందని అడుగుతాడు. వెక్కిరింత ఒక్కటీ రాదు. మొన్న కంప్యూటరు మళ్లీ మొరాయిస్తే దాన్ని తనే ఆటోలో వేసుకుని రెండు వీధులవతల దుకాణానికి పట్టుకెళ్లాడట. అక్క నోటి వెంట ఆ మాట విని డాక్టరు, నాకు కబురు చేస్తే రానా బావా అన్నాడు.

"నీకు శ్రమ ఎందుకులేవయ్యా" అన్నాడు బావ, ఎంతో మర్యాదగా.